తమ్ముడి సరుకు నా పేరున పెట్టుకోమంటున్నాడు

ప్రశ్న: నేను గుంటూరులో ప్రభుత్వ పాఠశాల టీచర్‌ని. మా తమ్ముడిది మిర్చి వ్యాపారం. రెండేళ్లుగా నష్టాలే. ప్రామిసరీ నోట్ల మీద బయట తెచ్చినవే ముప్ఫై లక్షల పైన ఉంటాయి. బ్యాంకు అప్పు వేరే. పోయిన నెలలో ఇద్దరు అప్పులవాళ్లు లాయరు నోటీసులు పంపారు. అప్పటినుంచి తమ్ముడు ఒకటే మాట. కోల్డ్ స్టోరేజీలో ఉన్న 140 టిక్కీల (బస్తాల) మిర్చి, కారు, నల్లపాడు వైపు ఉన్న 150 గజాల స్థలం నా పేరుకు మారుస్తానంటున్నాడు. "అక్కా, ఆరు నెలలు నీ దగ్గర ఉండనీ, గొడవ సద్దుమణిగాక తీసేసుకుంటా" అంటాడు. మరదలు తన నగలన్నీ స్టీలు డబ్బాలో పెట్టి తెచ్చి మా బీరువాలో పెట్టి వెళ్లింది. పన్నెండు రోజులైంది. వాటిని బ్యాంకు లాకర్లో పెట్టమంటోంది. మావారు మొదటినుంచీ వద్దంటున్నారు. అమ్మేమో "తోడబుట్టినవాడికి ఆ మాత్రం చేయలేవా" అని రోజూ ఫోన్లో ఏడుపు. సొంత తమ్ముడికి సాయం చేస్తే కూడా తప్పవుతుందా? నిజంగా నాకు ప్రమాదమేమైనా ఉందా?

సమాధానం:

అమ్మా,

నగల డబ్బా సంగతి చివర చెబుతాను. అది ఈ వారంలోనే తేల్చుకోవాల్సిన పని. అయితే ఎందుకు తేల్చుకోవాలో తెలియాలంటే ముందు మిర్చి గురించి మాట్లాడుకోవాలి.

నేను గుంటూరు కోర్టుల్లో ముప్ఫై ఏళ్లుగా సివిల్ కేసులు చూస్తున్నాను. అప్పిచ్చినవాళ్ల తరఫున ఈపీలు (డిక్రీ అమలు పిటిషన్లు) వేశాను, అప్పుల్లో మునిగినవాళ్ల తరఫున ఐపీలూ (దివాలా పిటిషన్లు) వేశాను. రెండు పక్కలా నాకు బాగా అలవాటైన మాట ఒకటుంది. "ఊరికే పేరు మార్చాం సార్, అంతే." మీ తమ్ముడు అంటున్నదీ అదే. ఆ మాటతో కోర్టు మెట్లెక్కినవాళ్లు ఎలా దిగారో చూశాను కాబట్టి చెబుతున్నాను.

మిర్చి మీ పేరున మారిందనుకోండి. నోటీసు పంపినవాళ్లు దావా వేశారు, డిక్రీ (డబ్బు కట్టమనే కోర్టు తీర్పు) వచ్చింది, ఈపీ పడింది. అమీనా, అంటే జప్తు చేసే కోర్టు ఉద్యోగి, వారెంటు పట్టుకుని కోల్డ్ స్టోరేజీకి వచ్చాడు. అక్కడ రికార్డులో మీ పేరుంది. ఆ సరుకు దక్కాలంటే మీరు కోర్టులో క్లెయిమ్ పిటిషన్ వేయాలి. "ఈ సరుకు నాది, మా తమ్ముడికి దీంతో సంబంధం లేదు" అని ప్రమాణం చేసి అఫిడవిట్ మీద సంతకం పెట్టాలి. తర్వాత బోనెక్కాలి.

అవతలి లాయరు ఏమడుగుతాడో నాకు తెలుసు, ఎందుకంటే ఎన్నోసార్లు ఆ అవతలి లాయరును నేనే. గొంతు పెంచడు. నవ్వుతూ మొదలుపెడతాడు. "టీచర్ గారూ, ఆ సరుకు ఏ రకం మిర్చి, తేజానా, 334నా, బాడిగా?" మీరు ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగడం జడ్జిగారు చూస్తారు. "ఏ రోజు కొన్నారు? క్వింటా ఎంత పడింది? కాటా ఎవరు వేశారు? డబ్బు ఏ ఖాతాలోంచి ఇచ్చారు?" టిక్కీకి 45 కిలోల చొప్పున 140 టిక్కీలంటే 63 క్వింటాళ్లు. క్వింటా పది వేలే అనుకున్నా ఆరు లక్షల పైమాట. అంత డబ్బు మీ జీతం ఖాతాలోంచి బయటికి వెళ్లిన ఎంట్రీ ఉండదు. పాస్‌బుక్ కోర్టులో పెట్టమంటారు. అక్కడితో పిటిషన్ అయిపోతుంది. అక్కడితో ఆగితే అదృష్టం. ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం వేరే నేరం.

ఇంతకంటే ముందు ఇంకో చిక్కుంది. ఆ టిక్కీల బాండ్లు (కోల్డ్ స్టోరేజీ ఇచ్చే రసీదులు) ఇప్పుడు ఎక్కడున్నాయో మీ తమ్ముణ్ని అడిగారా? బ్యాంకు అప్పు వేరే ఉందని రాశారు. మన దగ్గర కోల్డ్ స్టోరేజీ బాండ్లు పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకోవడం మామూలే. ఈ 140 టిక్కీలూ బ్యాంకు తాకట్టులో ఉంటే, వాటిని మీ పేరుకు మార్చడం బ్యాంకు సొత్తును పక్కకు తప్పించినట్టే. అది సివిల్ గొడవగా మిగలదు, పోలీస్ స్టేషన్ దాకా వెళ్తుంది. ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి. జవాబు నోటితో చెబితే నమ్మకండి, బాండు కళ్లతో చూడండి.

సరే, కోర్టు మీ మాట నమ్మిందనే అనుకుందాం. అప్పుడు? ఆ సరుకు మీదేనని కోర్టే తేల్చినట్టు. ఆరు నెలల తర్వాత మీ తమ్ముడు వచ్చి "అక్కా, నాది నాకివ్వు" అంటే చట్టం దృష్టిలో అతనికి అడిగే హక్కు లేదు. మీరు ఇస్తారు, ఆ నమ్మకం నాకుంది. కానీ మధ్యలో ధర పడిపోతే? సరుకు రంగు తగ్గితే? "అప్పుడే అమ్మి ఉంటే లక్ష ఎక్కువొచ్చేది, అక్క అడ్డం పడింది" అనే మాట ఏదో ఒకరోజు పుడుతుంది. అమ్మితే డబ్బు మీ ఖాతాలో పడుతుంది, దానికి లెక్క మీరే చెప్పుకోవాలి. కోర్టు నమ్మకపోతే కేసు మీకు చుట్టుకుంటుంది, నమ్మితే తమ్ముడితో తగువు మొదలవుతుంది.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెబుతాను. అప్పులవాళ్లకు అందకుండా చేయడానికే స్థలం, ఇల్లు లాంటివి ఎవరి పేరునైనా రాసిస్తే, ఆ రాతను అప్పులవాళ్లు కోర్టులో కొట్టేయించుకోవచ్చు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 53వ సెక్షన్ ఉన్నది అందుకే. నిజంగా ధర ఇచ్చి, మోసం సంగతి తెలియకుండా కొన్నవాళ్లకు రక్షణ ఉంది. మీరు ధర ఇవ్వడం లేదు, పైగా సంగతంతా తెలుసు. అది మీరే నాకు ఉత్తరంలో రాశారు.

నేరం సంగతికొస్తే, పాత ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా. అప్పులవాళ్లకు పంపకం కాకుండా ఆస్తిని దురుద్దేశంతో తరలించినా దాచినా 320వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు ఉండొచ్చు. ఆ తర్వాత 323వ సెక్షన్ ఉంది చూశారూ, అందులో దాచినవాడితో పాటు దాచడానికి సాయపడినవాళ్లనూ ప్రత్యేకంగా చేర్చారు. మూడేళ్ల దాకా శిక్ష. "నాదేముంది, మా బీరువాలో చోటిచ్చాను" అనే మాట అక్కడ చెల్లదు, ఆ చోటివ్వడమే సాయం కాబట్టి. కొన్నట్టు ఉత్తుత్తి ధర వేసి దస్తావేజు రాసుకుంటే దానికి 322 వేరేగా ఉంది.

బినామీ చట్టం మాట కూడా వినే ఉంటారు. 2016లో దానికి కోరలు పెట్టారు. అప్పులవాళ్లకు ఎగ్గొట్టడానికి బినామీ లావాదేవీ చేస్తే అసలు యజమానికీ, పేరిచ్చినవాళ్లకూ ఏడాదికి తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, ఆస్తి విలువలో నాలుగో వంతు దాకా జరిమానా. మీ వ్యవహారం దాని కిందికి వస్తుందా రాదా అని లాయర్లం వాదించుకోవచ్చు. మాకు ఫీజులొస్తాయి. ఆ వాదనలో మీ పేరుండటం మీకు అవసరమా అన్నదే నా ప్రశ్న.

పైగా మీరు ప్రభుత్వ ఉద్యోగి. ఇది మీ తమ్ముడికి తట్టి ఉండదు, మీవారికి తట్టి ఉంటుంది. మన రాష్ట్ర ప్రవర్తనా నియమావళి 1964 నుంచీ ఉంది. స్థిరాస్తి మీ పేరున వచ్చినా పోయినా పై అధికారికి తెలియజేయాలి, ఏటా ఆస్తుల వివరం ఇవ్వాలి. అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. 140 టిక్కీల మిర్చి టీచరు పేరున ఉంటే దాన్ని ఏమంటారు? ఎవరో అప్పులవాడు కడుపుమంటతో డీఈవో ఆఫీసుకు ఒక కాగితం రాసి పడేస్తే చాలు, మీ ఇంక్రిమెంటూ ప్రమోషనూ విచారణలో ఇరుక్కుంటాయి. అప్పులవాడికి డబ్బు రాకపోయినా ఆ తృప్తి మిగులుతుంది. మనుషులు ఆ తృప్తి కోసం కూడా కాగితాలు రాస్తారు.

కారు విషయం చిన్నదనిపిస్తుంది కానీ నన్నడిగితే అన్నిటికంటే భయపెట్టేది అదే. దాని మీద ఫైనాన్స్ ఉంటే ఆర్సీలో ఆ సంగతి ఉంటుంది, వాళ్ల ఎన్‌ఓసీ లేకుండా పేరు మారదు. ఫైనాన్స్ తీరిపోయి ఉండి మారిందే అనుకోండి. బండి నడిపేది ఎవరు? మీ తమ్ముడే. చిలకలూరిపేట రోడ్డు మీద రాత్రిపూట ఏదైనా జరిగితే? నష్టపరిహారం కేసులో రిజిస్టర్డ్ ఓనరే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి వేరేవాళ్ల చేతికిచ్చేశామన్నా ఆర్సీలో పేరు ఎవరిదైతే వాళ్లే. ఇన్సూరెన్స్ ఆ ఏడు కట్టకపోతే ఆ పరిహారం మీ జేబులోంచే. అప్పుల్లో ఉన్న మనిషి అన్నిటికంటే ముందు మానేసేది ఇన్సూరెన్స్ ప్రీమియమే, ఇది నేను చాలాసార్లు చూశాను.

స్థలం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎవరైనా ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీస్తే ఏ తేదీన ఎవరి పేరు నుంచి ఎవరి పేరుకు వెళ్లిందో కనిపిస్తుంది. లాయరు నోటీసు వచ్చిన నెల తర్వాత తమ్ముడు అక్కకు గిఫ్టు రాశాడంటే, సాక్ష్యం పలకడానికి వేరే మనిషి అక్కర్లేదు.

ఇక్కడ నేను మొదట్లో చూసిన జప్తు ఒకటి చెప్పాలి. అప్పుడు ప్రాక్టీసు పెట్టి రెండేళ్లయిందేమో. సీనియర్ గారు డిక్రీదారు తరఫున నన్ను అమీనా వెంట కొత్తపేటలో ఒక ఇంటికి పంపారు. ముందు గది ఖాళీ. చాప, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, దేవుడి పటాలు. ఇంటాయన చేతులు కట్టుకుని "ఏముంది సార్, చూసుకోండి" అన్నాడు. అమీనా పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. ఏమీ మాట్లాడకుండా గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. సున్నం పాతబడి పసుపెక్కిన గోడ మీద నిలువుగా తెల్లటి చోటు, బీరువా అంత. పక్కన నడుమెత్తులో ఇంకో తెల్లటి చోటు, దాని పక్కనే ప్లగ్గు. గచ్చు మీద నాలుగు తుప్పు మచ్చలు. అక్కణ్నుంచి గుమ్మందాకా ఈడ్చిన గీతలు. ఆ గీతలు వెంటబడి పోతే పక్కింటి వరండా వచ్చింది. అక్కడ దుప్పటి కప్పి ఉన్నాయి. పక్కింటావిడ వణికిపోతోంది. ఆమె చేసిందల్లా పిల్లల ఫీజులకు ఒకప్పుడు ఆదుకున్న మనిషికి వరండాలో చోటివ్వడం. ఆ కేసులో ఆమెను సాక్షిగా పిలిచారు. ఏడాదిన్నర పాటు వాయిదాలకు తిరిగింది. అప్పు పడ్డాయన ఆలోగా ఊరు మారాడు.

మా ఇంట్లో జరిగింది ఇంకోటి. మా నాన్నగారు స్నేహితుడి స్కూటరు ఇలాగే "కొన్నాళ్లు" మా పెరట్లో పెట్టుకున్నారు. అప్పులవాళ్లెవరూ రాలేదు, కోర్టూ లేదు. ఆ స్నేహితుడే హఠాత్తుగా పోయారు. దినకర్మలయ్యాక కొడుకు వచ్చి చూస్తే స్కూటరు తుప్పు పట్టి ఉంది, బ్యాటరీ లేదు. బ్యాటరీ ఎటు పోయిందో మాకు ఇప్పటికీ తెలియదు. "మా నాన్న నమ్మి ఇచ్చాడు" అని వీధిలో నిలబడి అన్నాడు. మా నాన్నగారు కొత్త బ్యాటరీ డబ్బులిచ్చారు, ఆ కుటుంబంతో మాటలు పోయాయి. ఎవరి ప్రాణానికి ఎవరం పూచీ? మీ తమ్ముడికో మీకో ఏదైనా అయితే, ఆ మిర్చి ఎవరిదో మీ పిల్లలకూ వాళ్ల పిల్లలకూ ఎవరు చెబుతారు?

ఇప్పుడు మీ తమ్ముడి భయం గురించి. అతను చెడ్డవాడని నేననుకోవడం లేదు. భయపడ్డవాడు. అన్నీ ఊడ్చుకుపోతారు, జైల్లో వేస్తారు, పిల్లలు వీధిన పడతారు అనుకుంటున్నాడు. ఆ భయంలో సగం అబద్ధం. అది తెలిస్తే దాచుకోవాలన్న తొందర కూడా సగం తగ్గుతుంది.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ అని ఒకటుంది. జప్తు చేయకూడనివి అందులో ఉన్నాయి. ఇంట్లో వాళ్లందరి బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు. ఆచారం ప్రకారం ఆడవాళ్లు ఒంటిమీంచి తీయకూడని ఆభరణాలు, అంటే తాళిబొట్టులాంటివి. చేతివృత్తులవాళ్ల పనిముట్లు. రైతు అయితే నాగలి, ఎడ్లు, విత్తనాలు, నివాసముండే ఇల్లు. పీఎఫ్ డబ్బు, జీవిత బీమా పాలసీ మీద వచ్చే డబ్బు. ఇవి దాచాల్సిన పని లేదు. అమీనా వచ్చినా ముట్టుకోకూడదు. మీ తమ్ముడు వ్యాపారి కాబట్టి రైతుకిచ్చే ఇంటి మినహాయింపు అతనికి వర్తించడం కష్టం. మిగిలినవి వర్తిస్తాయి.

జైలు మాట. అప్పు తీర్చలేకపోవడం ఒక్కటే కారణంగా ఎవర్నీ సివిల్ జైలుకు పంపకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బుండి ఎగ్గొట్టేవాడికే ఆ జైలు. దావా పడ్డాక ఆస్తిని దురుద్దేశంతో ఎవరికో మార్చినా దాచినా కూడా జైలుకు పంపొచ్చని 51వ సెక్షన్‌లోనే రాసి ఉంది. లేనివాడిని కాపాడే చట్టం దాచినవాడిని కాపాడదు. జైలు తప్పించుకోవాలని అతను చేయబోతున్న పనే అతన్ని జైలు దాకా తీసుకెళ్లగలదు. ఈ ఒక్క ముక్క మీ తమ్ముడికి కూర్చోబెట్టి చెప్పండి. ఒక జాగ్రత్త మాత్రం: చెల్లని చెక్కులు ఏమైనా ఇచ్చి ఉంటే అది చెక్ బౌన్స్ కేసుల 138వ సెక్షన్ కింద వేరే లెక్క, దాని గురించి లాయరుతో విడిగా మాట్లాడాలి.

ఇంకొకటి. సరుకు తప్పిస్తున్నాడని పసిగడితే అప్పులవాళ్లు డిక్రీ దాకా ఆగక్కర్లేదు. దావా వేసిన రోజే తీర్పుకు ముందు జప్తు అడగొచ్చు. మామూలుగా కోర్టులు దానికి అంత తేలిగ్గా ఒప్పుకోవు. మారిన బాండు, మారిన ఆర్సీ చూపిస్తే ఒప్పుకుంటాయి. ఇప్పుడు కాళ్లావేళ్లా పడితే కాస్త ఆగే అప్పులవాడు, మోసం చేస్తున్నాడని తెలిస్తే ఆగడు. మిర్చి యార్డులో మాట ఎంత తొందరగా పాకుతుందో మీ తమ్ముడికి నేను చెప్పాలా?

ఐపీ సంగతి కూడా. మన ఊళ్లో "ఐపీ పెట్టాడు" అంటే తిట్టు. నిజానికి 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద కోర్టుకు వెళ్లి, ఉన్నది ఇంత, అప్పు ఇంత అని మొత్తం చెప్పి తలవంచడం అది. అరెస్టు నుంచి రక్షణ అడిగే వీలుంది. రేపు మీ తమ్ముడికి ఆ దారి కావాల్సి రావచ్చు. ఐపీ వేయడానికి ముందు రెండేళ్లలో ఊరికే ఇచ్చేసిన ఆస్తిని కోర్టు పెట్టిన రిసీవరు వెనక్కి లాగేసుకోగలడు. ఆస్తి జాబితాలో దాచినట్టు తేలితే అది శిక్షించదగ్గ తప్పు. అప్పులవాళ్లను ఎగవేయడానికి ఆస్తి మార్చడాన్నే ఆ చట్టం దివాలా చర్య అంటుంది, దాన్ని పట్టుకుని అప్పులవాళ్లే అతని మీద ఐపీ వేయొచ్చు. ఇప్పుడు మీ పేరుకు మారిస్తే రేపు అతనికున్న చివరి తలుపు కూడా మూసుకుపోతుంది.

మరి మీరేం చేయాలి? ఆదివారం పూట మీ తమ్ముణ్నీ మరదలినీ పిలవండి. భోజనం పెట్టండి. మీవారూ ఉండాలి. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని ఎవరికి ఎంత, ఏ తేదీ నోటు, వడ్డీ ఎంత, ఇప్పటికి ఎంత కట్టాడు, నోటు వెనక చెల్లు (కట్టిన సొమ్ము వివరం) రాశారా అని వరసగా రాయించండి. నోటుకు మూడేళ్లు దాటి, మధ్యలో చెల్లు కానీ ఒప్పుకోలు కానీ లేకపోతే దాని మీద దావా నిలబడదు. కాబట్టి పాత నోట్ల వెనక కొత్తగా సంతకాలు పెట్టవద్దని చెప్పండి, లాయరు చూసేదాకా. కట్టిన వడ్డీలకు రసీదులు లేకపోతే ఫోన్‌పే ఎంట్రీలు తీయమనండి. అప్పుల్లో ఉన్నవాళ్లకు మొత్తం ఎంతో వాళ్లకే తెలియదు. తెలుసుకోవడానికి భయపడతారు. ముప్ఫై అన్నది ఇరవై ఆరు కావచ్చు, నలభై కూడా కావచ్చు.

ఆ కాగితంలో వడ్డీ లెక్క చూడండి. రోజు వసూళ్లు, వారం వసూళ్ల బాపతు కాల్‌మనీ ఏదైనా ఉంటే అది పక్కన రాయండి. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ గొడవ బయటపడినప్పుడు ఏమేం జరిగాయో మనందరం చదివాం. అలాంటివాళ్లు ఇంటికొచ్చి బెదిరిస్తే దాచుకోవడం కాదు, ఫిర్యాదు చేయడమే దారి. బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీల రికవరీ మనుషులైతే పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. ఇలాంటివాళ్లు ఊళ్లో ఉన్నారు కాబట్టే మీ పేరు ఈ వ్యవహారంలో ఉండకూడదంటున్నాను. సరుకు ఎవరి పేరున ఉంటే వాళ్ల గుమ్మం ముందే గొంతులు లేస్తాయి.

మిర్చి అతని పేరుమీదే ఉండనీ. తాకట్టులో ఉంటే బ్యాంకుకు చెప్పే అమ్మించండి. లేకపోతే మంచి ధర చూసి అతనే యార్డులో అమ్ముకుని, ఆ డబ్బు ఎవరికి ఎంత ఇవ్వాలో లాయరుతో కూర్చుని పంచమనండి. దావా పడకముందే లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చోవచ్చు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు, కాబట్టి మీ మరదలు నేరుగా వెళ్లొచ్చు. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. లోక్ అదాలత్ తీర్పుకు అప్పీలుండదు, కాబట్టి కిస్తీలు అతను నిజంగా కట్టగలిగినంతే ఒప్పుకోవాలి. రాజీ కుదిరిన రోజు ఉత్సాహంలో నెలకు లక్ష అని సంతకం పెట్టి, మూడో నెల చేతులెత్తేసినవాళ్లు నా ఫైళ్లలో చాలామంది ఉన్నారు.

నిజంగా మీకు స్థలం కావాలనుకుంటే కొనుక్కోండి. మార్కెట్ ధర, బ్యాంకు ద్వారా డబ్బు, మీ శాఖకు తెలియజేయడం, ఆ డబ్బు అప్పులవాళ్లకే చేరేట్టు చూడటం. అలా కొన్నది మీదే, ఆరు నెలలకు తిరిగివ్వడం ఉండదు. అది మీ ఇద్దరికీ ముందే తెలియాలి. డబ్బుగా ఇవ్వాలనుకుంటే మీరు పోగొట్టుకున్నా నిద్రపట్టేంతే ఇవ్వండి, ఖాతాలోంచే ఇవ్వండి. ఇరవై వేలు, ఆపైన చేబదులు నగదుగా ఇస్తే తీసుకున్నవాడికి ఇన్‌కమ్ ట్యాక్స్ తలనొప్పి. అంతకంటే పిల్లల స్కూలు ఫీజు మీరే నేరుగా కట్టేయడం మేలు. ఇంట్లోకి బియ్యం బస్తా పంపండి. షూరిటీ సంతకం మాత్రం పెట్టవద్దు. కొత్త అప్పు తెచ్చి పాత అప్పు కడతానని అతను ఆ కాగితం తెచ్చే రోజు రావచ్చు. షూరిటీ పెట్టినవాళ్ల బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం, అప్పులవాడు ముందు మీ జీతం మీదికే వస్తాడు. జీతమైతే నెల తిరక్కుండా దొరుకుతుంది కదా.

మీ అమ్మగారికి చట్టం చెప్పకండి, వినరు. "నా ఉద్యోగం పోతే రేపు వాడి పిల్లల్ని చూసేదెవరు?" అని అడగండి. ఆవిడ ఏడుపు ఆగకపోవచ్చు, కానీ ఫోన్ చేసే పనిలో కొంత తేడా వస్తుంది.

ఇక ఆ డబ్బా. మీ మరదలికి పుట్టింటివాళ్లు పెట్టినవి, ఆమెకు వచ్చిన కానుకలు ఆమె స్త్రీధనం. భర్త అప్పుకు వాటిని జప్తు చేయడం కుదరదు, ఆమె ఏ నోటు మీదా సంతకం పెట్టకపోతే. పెట్టిందేమో అడగండి. చాలామంది ఆడవాళ్లు "ఇక్కడో సంతకం" అంటే పెట్టేస్తారు, దేనికో చూడరు. వ్యాపారం డబ్బుతో తర్వాత కొన్న బంగారం మీద పేచీ వస్తుంది, అది వేరే. పెళ్లయిన ఆడవాళ్లకు 500 గ్రాముల దాకా ఎవరూ ముట్టుకోరని ఎవరైనా చెప్పి ఉంటే, అది ఇన్‌కమ్ ట్యాక్స్ సోదాల మాట. అప్పుల జప్తుకు దానితో సంబంధం లేదు.

ఆమె సొంత నగలు ఆమె దగ్గరే ఉంటే ఆమెవే అని చెప్పుకోవడం తేలిక. నోటీసు వచ్చిన కొద్ది రోజులకే ఆడపడుచు లాకర్లోకి చేరితే దాచినట్టు కనిపిస్తుంది, ఉన్న హక్కు కూడా అనుమానంలో పడుతుంది. లాకరు తెరిచిన తేదీ, టైము బ్యాంకు రిజిస్టరులో ఉంటాయి. పోతే బ్యాంకు ఇచ్చేదీ తక్కువే. దొంగతనం, అగ్నిప్రమాదంలాంటి వాటికి ఏడాది లాకరు అద్దెకు వంద రెట్లు మించి బ్యాంకు బాధ్యత ఉండదు. మిగిలింది మరదలికి మీరు చెప్పుకోవాలి.

కాబట్టి లాకర్లో పెట్టకండి. ఆదివారం వాళ్లొచ్చినప్పుడు డబ్బా మీరొక్కరే తెరవకండి. నలుగురూ ఉండగా మరదలి చేతే తెరిపించండి. తెలిసిన కంసాలి ఉంటే తూకం వేయించండి, లేకపోతే ఒక్కో వస్తువూ ఫోన్లో ఫోటో తీయండి. గొలుసు, గాజులు, వంకీ, దేనికది పేరుతో రాసి, పుట్టింటివి ఏవో, తర్వాత కొన్నవి ఏవో ఆమె చేతే పక్కన గుర్తు పెట్టించండి. పెళ్లినాటి ఫోటోల్లో ఆ నగలు కనిపిస్తుంటే, పాత బిల్లులుంటే వెతికి ఉంచుకోమనండి. కాగితం రెండు కాపీలు, ఇద్దరి సంతకాలు. తర్వాత డబ్బా ఆమె చేతికే ఇచ్చి పంపండి, మీ తమ్ముడి చేతికి వద్దు.